ఇంటిపేరు తీసేసిన పట్టికలు

పొడిగుడ్డ కొసను వేలికి చుట్టుకుని, కీబోర్డు మీటల సందుల్లో దుమ్ము తీస్తున్నాడతడు. ఆ కీబోర్డు అతడిది కాదు, పెద్దక్కది. ఆ సాయంత్రంతో ఆమెకు ఉద్యోగ విరమణ. ఇకమీదట ఆమె పని అతడు చూడవలసి ఉంది గనుక, కొన్నాళ్ళుగా ఆమె బల్ల దగ్గరే కూర్చుని నేర్చుకుంటున్నాడు.

"చాల్లే తమ్ముడూ! నేను పోయేలోగా ఆ మీటల మీద అక్షరాలైనా మిగలనీ," అంది పెద్దక్క.

కార్యాలయంలో అందరూ అతణ్ణి శుభ్రంగారని పిలిచేవారు. ఆ పిలుపులో వెక్కిరింత ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. మడత నలగని చొక్కా, వరుస తప్పని కలాలు, ఎవరిచేతా మాట పడని నడవడి. "మీతో పోట్లాడదామన్నా ముందు మీరొక మాట అనాలి కదండీ," అని భార్య కూడా నవ్వేది. చిన్నతనంలో ఒకనాడు అతడి చేయి జారి నిలువుటద్దం పగిలితే, దెబ్బలు అతడి అక్క వీపున పడ్డాయి. అతడు వంగి గాజుముక్కలన్నీ శ్రద్ధగా ఏరాడు. నోరు మాత్రం విప్పలేదు.

పెద్దక్క పొట్టిమనిషి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు అందవు. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఇంటినుంచి ఒక చెక్కపీట తెచ్చి బల్లకింద వేసుకుంది. ఎత్తుకు నప్పని 'పెద్దక్క' అన్న పిలుపు ఆమె పనితనానికి దక్కింది. ఆసుపత్రుల్లో రోగుల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌కు పునాది వేసినది ఆమే. విరమణ తరువాత కూడా ఇంటినుంచి సలహాలిస్తూ ఉండమని మేనేజరు అడిగితే, "బతికించారు, గోడలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు," అని చిన్నపిల్లలా సంబరపడింది.

రోగుల వివరాలన్నీ డేటాబేసులో పట్టికలుగా ఉంటాయి. ప్రోగ్రాముకూ ఆ పట్టికలకూ నడుమ లైబ్రరీ అనే మరో చిన్న ప్రోగ్రాము దుబాసీలా మెలగుతుంది. ఏ పట్టికను ఏ పేరుతో పిలవాలో దానికి ముందుగా ఒక సెట్టింగులో చెప్పి ఉంచాలి. ఒక విభాగంలోని రోగులు మరొక విభాగంలో కలిసిపోకుండా, ప్రతి పట్టిక పేరుకు ముందూ ఇంటిపేరులా విభాగం పేరు చేర్చాలని పెద్దక్క ఏనాడో ఒక్క పంక్తిలో నియమం రాసిపెట్టింది.

ఆ పొడుగాటి పేర్లు అతడికి కంట్లో నలుసులయ్యాయి. గుర్తింపు కార్డు అప్పగించి వస్తానని ఆమె కిందికి దిగగానే ఆ పంక్తిని తీసేశాడు. పరీక్షకని ఉంచిన ఖాళీ డేటాబేసులో నడిపి చూశాడు. చక్కగా నడిచింది. నడవక ఏంచేస్తుంది? అక్కడ పాత పట్టికలంటూ ఉంటే కదా! పెద్దక్క మెచ్చుకుంటుందన్న ఉబలాటంతో, ఆమె కంప్యూటరునుంచే, ఆమె పేరుమీదనే, ఆ మార్పును ఆసుపత్రికి పంపేశాడు.

కొంతసేపటికి ఫోను మోగింది. డయాలసిస్ కేంద్రంలోని గుమాస్తా గొంతు గదంతా వినిపించింది.

"ఏవండీ, పేషెంటన్నవాడే లేడంటోందండీ మీ సిస్టం! ఇక్కడ చూస్తే హాలు నిండా కూర్చున్నారు. వీళ్ళనేమనుకోమంటారు, దయ్యాలనా? ఒక ముసలాయన్ని పేరు లేదని పంపేస్తే, పాపం, మెట్లమీద కూర్చుని ఏడుస్తున్నాడండీ!"

అతడు తెరమీద పట్టికల జాబితా తెరిచి చూశాడు. జరిగినది క్షణంలో బోధపడింది. ఇంటిపేరు లేని పేర్లతో లైబ్రరీ పట్టికలను వెతికింది. దొరకలేదు. లేని పట్టికను కొత్తగా చేసుకొమ్మనే సెట్టింగు కూడా ఉండడంతో, చడీచప్పుడు లేకుండా ఖాళీ పట్టికలు సృష్టించుకుని, ఎవరూ లేరని వినయంగా విన్నవించింది. అసలు వివరాలు పాత పేర్లతో ఎక్కడివక్కడే క్షేమంగా ఉన్నాయి. వాటిని పిలిచే దిక్కే లేదు.

పెద్దక్క టీ కప్పుతో రావడమూ, మేనేజరు విసురుగా రావడమూ ఒకేసారి జరిగాయి. తెరమీద మార్పు పక్కన ఆమె పేరే ఉంది.

"ఏంటమ్మా ఇది? పోయేరోజైనా ప్రశాంతంగా పోకూడదా?"

పెద్దక్క కళ్ళద్దాలు సవరించుకుని తెరవైపు చూసింది, తరువాత అతడివైపు. కోప్పడే హక్కు ఆమెకుంది. అయినా అతడు మాట్లాడేందుకే చోటు విడిచింది.

"చెప్పు తమ్ముడూ, ఏమయిందో సారుకి చెప్పు."

"పేర్ల సెట్టింగు మారిపోయింది సార్," అన్నాడతడు.

ఎవరు మార్చారన్నది ఆ మాటలో లేదు.

"అనుకుంటూనే ఉన్నా. ఆ ఇంటినుంచి చేసే పని సంగతి ఇక మర్చిపోండమ్మా," అనేసి మేనేజరు వెళ్ళిపోయాడు.

పెద్దక్క టీ కప్పు పక్కన పెట్టింది. కుర్చీలో కూర్చుని, పీటమీద పాదాలు ఆనించుకుని, తీసేసిన పంక్తిని తిరిగి రాసింది. ఫోను మళ్ళీ మోగింది.

"వచ్చేశారండీ, అందరూ వచ్చేశారు! ముసలాయన్ని కూడా లోపలికి తీసుకెళ్ళాం!"

సాయంత్రం వీడ్కోలుకని కుర్చీలు వేశారు. మేనేజరు రాలేదు, అటెండరు చేత పూలగుత్తి పంపాడు. "పోతూ పోతూ ఆసుపత్రంతా ఖాళీ చేయించబోయావు కదా పెద్దక్కా!" అన్నారెవరో. అందరూ ఘొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. అందరితోపాటు అతడూ నవ్వాడు. ఆ నవ్వు తన చెవికే వినిపించి, నిలువునా దహించుకుపోయాడు. అంతస్సాక్షి ముందు తలదాచుకునే చోటు ఎక్కడుంది?

ఆమె సంచీ భుజాన వేసుకుని బయలుదేరింది. అతడు ఒక్కసారిగా లేచాడు. బల్లకిందికి వంగి, చేతికందిన పీటను పట్టుకుని వసారా వెంట పరుగెత్తాడు. లిఫ్టు తలుపు మూసుకోబోతోంది.

"అక్కా!"

ఆమె చెయ్యి అడ్డంపెట్టి తలుపు ఆపింది. "చెప్పు తమ్ముడూ."

అతడి పెదవులు కదిలాయి. "పీట... మర్చిపోయారు."

"ఇంతేనా?"

అతడు పీటను ఆమెవైపు చాచాడు.

"ఉండనీలే. పొద్దస్తమానం కూర్చునే పని. నీకే పనికొస్తుంది."

ఆమె చెయ్యి తీసింది. తలుపు మూసుకుంది.

అతడు వచ్చి మేనేజరు గది ముందు నిలబడ్డాడు. లోపల దీపం వెలుగుతూనే ఉంది. తలుపు తట్టబోయిన చెయ్యి గాలిలోనే ఆగి, జేబులోకి వెళ్ళింది. మెల్లగా పెద్దక్క బల్ల దగ్గరికి నడిచి, సొరుగులోంచి పొడిగుడ్డ తీసి, పీటను ఒళ్ళో పెట్టుకుని తుడవసాగాడు. ఏళ్ళ తరబడి ఆమె మడమలు ఆని నునుపెక్కిన రెండు గుంటలు, తుడిచేకొద్దీ ఆ చెక్కమీద మరింత స్పష్టంగా తేలి కనిపించాయి.