రేపటి పులుసు

నెల్లూరు స్టేషన్లో రైలు దిగేటప్పటికి రెబెక్కమ్మ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పాపం వాటి తప్పేమీ లేదు, ఆమే పనిగట్టుకుని వాటిని పస్తు పెట్టింది. ముందురోజు రాత్రి గుంటూరులో అన్నం మానేసింది. పొద్దున బండెక్కాక టీ చుక్క తప్ప నోట్లో ఏమీ వేసుకోలేదు. ఒంగోలులో ఇడ్లీలవాడు కిటికీ దగ్గర నిలబడి బతిమాలినా మొహం తిప్పుకుంది. నెల్లూరు పోతూ దారిలో తినేవాళ్లు, పెళ్లిభోజనానికి పోతూ ఇంట్లో చద్దన్నం తినిపోయే బాపతని ఆమె అభిప్రాయం.

అభిప్రాయాలకు రెబెక్కమ్మ దగ్గర ఎప్పుడూ కరువు లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. నర్సుగా నెల్లూరు ఆసుపత్రిలో పదేళ్లు చేసినప్పుడు మందు మింగనని మొరాయించిన రోగులు ఆమె ముందు మహా అయితే పావుగంట నిలిచేవాళ్లు. మూడేళ్ల కిందట గుంటూరుకు బదిలీ చేశారు. పోయింది. పోయినప్పటి నుంచీ తిండి విషయంలో ఆ ఊరిని క్షమించలేదు. పందొమ్మిది వందల అరవై రెండు వేసవిలో, పచ్చిమామిడికాయలు దండిగా దిగే రోజుల్లో, తోటి నర్సు కాళ్లావేళ్లా పడి ఒక్కరోజు సెలవు సంపాదించింది. స్నేహితులను చూడాలి, కోటమిట్టలో జమాల్‌బీ హోటల్లో చేపల పులుసు తినాలి, సాయంత్రం బండికి వెనక్కి పోవాలి. మర్నాడు పొద్దున మళ్లీ డ్యూటీ.

ముందు మూలపేటలో వెంకటశేషమ్మ ఇంటికి పోయింది. వెంకటశేషమ్మ వాళ్లది అల్లూరు దగ్గర వ్యవసాయం. పిల్లల చదువుల కోసం పట్నంలో కాపురం పెట్టారు. ఆ పిల్లలందరినీ ఈ లోకంలోకి చేతులు పట్టి లాక్కొచ్చింది రెబెక్కమ్మే. అందుకే ఆమెను చూడగానే వెంకటశేషమ్మ పొంగిపోయి పులిసిన దోశపిండితో పులిబొంగరాలు వేయించి, కొబ్బరి పచ్చడితో పళ్లెం తెచ్చి ముందు పెట్టింది.

"వద్దక్కా. మధ్యాహ్నం జమాల్‌బీ కాడ తినాల. కడుపు ఖాళీగా పెట్టుకోనుండా" అంది రెబెక్కమ్మ.

వెంకటశేషమ్మ మొహం మాడిపోయింది. "ఏందిమే, నీకు తెలవదా? ఆ హోటలు మూసి ఏడాది దాటింది. మౌలా పోయినాడే, ఆ నెల్లోనే ఆర్పిన పొయ్యి జమాల్‌బీ మళ్లా ముట్టించలా."

మౌలా జమాల్‌బీ భర్త. అతను పోయిన సంగతి రెబెక్కమ్మకు తెలుసు. తెలిసినప్పుడు సెలవు దొరకక ఆసుపత్రి వరండాలో నిలబడి ఏడ్చింది. పొయ్యి ఆరిపోయిన సంగతి మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు.

"ఈ పొద్దు సాయంత్రం ఆమె మరిది మదార్ వాళ్లూరు వెంకటాచలం నుంచి బండి కట్టుకోని వస్తుండాడంట. సామానేసుకోని ఆమెను గూడా తీసకపోతాడు. హోటలు గది సైకిలు షాపు వాళ్లకిచ్చేసినారు. మదార్ మంచోడే. ఒంటి మనిషి, ఎవురు చూస్తారని ఆయన బాధ" అంది వెంకటశేషమ్మ.

రెబెక్కమ్మ లేచి నిలబడింది. జమాల్‌బీ ఇంకొకరి ఇంట్లో మూలన కూర్చుని, వాళ్లు పెట్టింది తింటూ రోజులు లెక్కపెట్టడం ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు, బహుశా చచ్చిపోయిన మౌలా మీదే.

"అక్కా, ఈ పొద్దు నెల్లూర్లో జమాల్‌బీ చేత్తో పెడితేనే తింటా. లేకుంటే పస్తే."

"చంటిబిడ్డవా, అలగను? ఒక్క బొంగరం తిను."

"తినను. అన్నం వద్దుగానీ బియ్యం పెట్టు. మీ చేలో మొలగొలుకులు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడని గొణుక్కుంటూ వెంకటశేషమ్మ చిన్న సంచిలో బియ్యం పోసిచ్చింది.

దారిలో మార్కెట్టు. చేపల పేరమ్మ ఆమెను దూరం నుంచే గుర్తుపట్టి కేకేసింది. విడవలూరు అవతల సముద్రం మీద తెల్లారుజామున పడిన వంజరం చేపొకటి గంపలో కంటికి అద్దంలా మెరుస్తోంది. రెబెక్కమ్మ బేరమాడకుండా తీసుకుంది, పక్క గంపలో రెండు పచ్చిమామిడికాయలు కూడా. పేరమ్మ అదిరిపోయి, గుంటూరు గాలికి మనిషి చెడిందనుకుంది.

కోటమిట్ట సందులో హోటలు ముందు పందిరి తాటాకులు వాలిపోయి ఉన్నాయి. లోపల బెంచీలు గోడకు చేరవేసి ఉన్నాయి. జమాల్‌బీ ఇత్తడి గిన్నెలను పాతచీరలో మూట కడుతోంది. మనిషి సగమైపోయింది. రెబెక్కమ్మను చూసి మూట వదిలేసి వచ్చి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఏడవాల్సినంతా ఏడ్చాక రెబెక్కమ్మ ముక్కు తుడుచుకుని, చేపను తెచ్చి గడప లోపల పెట్టింది.

"పులుసు పెట్టక్కా. ఆకలిగా ఉండాది."

జమాల్‌బీ చేప వైపు చూసి చూపు తిప్పేసుకుంది. "నేను వండేది మానుకున్నా రెబెక్కా. నీకు దోశలు తెప్పిస్తా."

"దోశలు గుంటూర్లో గూడా ఉండాయి."

"నా వల్ల గాదంటే ఇనవా? నా చేతికి రుచి యాడిదిమే? అంతా ఆయనదే" అంది జమాల్‌బీ. ఆ మాట చెప్పడానికి ఆమెకు కష్టమైంది. నేలచూపులు చూస్తూ చెప్పుకొచ్చింది.

కాపురానికొచ్చిన కొత్తలో ఆమె అత్త కట్టడి చేసింది. మగవాళ్లు తినకముందు కోడలు కూర నాలుక్కి తగిలించుకోకూడదని. అందుకని పులుసు ఉడుకుతుంటే మౌలాను పొయ్యి దగ్గరికి పిలిచి అరచేతిలో చుక్క వేసేది. అతను నాకి చూసి "ఉప్పు" అనేవాడు, "పులుపు" అనేవాడు, అంతా కుదిరినప్పుడు "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ వినబడితేనే దాక దించేది. అత్త పోయింది గానీ అలవాటు పోలేదు. హోటలు పెట్టాక కూడా అంతే. ఊరంతా లొట్టలేసుకుని తిన్న పులుసు ఉడికేటప్పుడు ఎట్లా ఉంటుందో వండిన మనిషికి తెలియదు.

"ఆయన పోయినాక ఒకసారి పెట్టినా. చుక్క ఎవురి చేతిలో ఎయ్యాల? దాక దించేది ఎప్పుడో తెలవక అట్టనే నిలబడినా. అంతా మాడిపోయింది" అంది జమాల్‌బీ.

ఓదార్చే మాటలు రెబెక్కమ్మ నోటిదాకా వచ్చాయి. మింగేసింది. ఓదారిస్తే ఆ మనిషి బండెక్కేస్తుందని ఆమెకు తెలుసు.

"అయితే నా చేతిలో ఎయ్యి. నేను చెప్తా" అని బెంచీ కిందికి దించి గోడవారన కూర్చుంది. "నువ్వు పెట్టిందాకా ఈడనుంచి కదలను. ఏం తినను."

"కడుపు మాడి చస్తావు."

"చస్తే సామాను బండ్లోనే ఏసుకోని పొండి."

పొద్దెక్కింది. ఎదురింటి దర్జీ లాల్ అహ్మద్ పలకరించడానికొచ్చి బిస్కెట్లు పెట్టబోయాడు. తీసుకోలేదు. వెంకటశేషమ్మ ఉండబట్టలేక పనిమనిషితో పెరుగన్నం పంపింది. దాన్ని మూత తియ్యకుండా తిప్పి పంపింది. మూత సందులోంచి వచ్చిన తిరగమోత వాసనకు రెబెక్కమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ చెయ్యి చాపలేదు. జమాల్‌బీ మూటలు కడుతూనే ఉంది. మధ్యమధ్యలో గడప వైపు చూస్తోంది. ఆ ఇంట్లో ఆకలిగా కూర్చున్న మనిషిని ఆమె జన్మలో ఎరగదు. పైగా ఎండకు చేప మీద ఈగ వాలింది.

ఆ ఈగే పని జరిపించింది. జమాల్‌బీ చరచరా వచ్చి చేపను ఎత్తుకుంది. "బంగారం లాంటి చేప పాడైపోతాది. దాని మొహం చూసి వండుతుండా, నీ మొహం చూసి గాదు" అంది. పెరట్లో బండ మీద బూడిద వేసి తోమింది. కత్తిపీట మీద ముక్కలు కోసింది. కట్టిన మూట విప్పి మట్టిదాక బయటికి తీసింది. చింతపండు పిసికింది, మామిడికాయ చెక్కలు కోసింది. ఏడాదికి పైగా చల్లగా పడున్న పొయ్యిలో మంట లేచింది.

పులుసు కుతకుతలాడింది. జమాల్‌బీ గరిటె పట్టుకుని నిలబడి, ఎవరినో పిలవబోయినట్టు సందు వైపు తిరిగి, ఆగిపోయింది. రెబెక్కమ్మ పరిగెత్తుకుపోయి అరచెయ్యి చాచింది. చుక్క పడింది. అది గొంతు దిగకముందే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఊఁ! అమృతం అక్కా! ఏం తక్కువ లేదు, దించెయ్యి!"

జమాల్‌బీ దించలేదు. ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు తిని ఎంత సేపయింది?"

"రాత్రి నుంచీ తినలా."

"అదీ సంగతి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు. ఇప్పుడు నీకు గంజి పోసినా అమృతమే. నీ ఊఁ నాకు చెల్లదు పో."

రెబెక్కమ్మ పట్టే ఆమె కొంప ముంచింది. ఒక్క పులిబొంగరం తినొచ్చినా ఈ సాక్ష్యం చెల్లేది. నిజంగానే అందులో ఉప్పుందో లేదో ఆమెకు తెలియదు. అడుగు మాడితే మళ్లీ ఈ జన్మలో ఈ మనిషి పొయ్యి ముట్టించదని భయం వేసింది. బుజ్జగించే ఓపిక అయిపోయింది.

"అయితే నువ్వే చూడు!" అని అరిచింది.

"నేనా?"

"నువ్వే. నీకు నాలుక లేదా? మీ అత్త గోరీలో ఉండాది, లేచొచ్చి కొట్టదు. నువ్వు చూడకపోతే మాడిపోతాది. మాడితే మాడనీ. సాయంత్రం బండెక్కి పో, నేనింక అడగను."

పులుసు అంచున బుడగలు చిక్కబడుతున్నాయి. జమాల్‌బీ గరిటె ఎత్తింది. తన అరచేతిలో తానే చుక్క వేసుకుంది. నాలుకతో అద్దుకుంది. కళ్లు మూసుకుంది. రెండు చెంపల మీద నీళ్లు కారాయి గానీ ఆమె తుడుచుకోలేదు. ఆలోచిస్తోంది.

"పులుపు చాల్లా" అంది మెల్లగా. "అమృతమంట అమృతం."

చింతపండు రసం పోసింది. రెండు పొంగులు రానిచ్చింది. మళ్లీ అరచేతిలో వేసుకుని చూసింది.

"ఊఁ" అంది జమాల్‌బీ.

దాక దించి మూత పెట్టింది. రెబెక్కమ్మ అప్పటికే మొలగొలుకుల అన్నం వార్చి, ఆకు పరిచి, నీళ్లు చల్లి కూర్చుంది. జమాల్‌బీ ఆమెను వింతగా చూసింది.

"ఏంది, ఆకేసినావు? చేపల పులుసు ఎవురన్నా దించిన పొద్దే తింటారా? ముక్కకు పులుపు పట్టొద్దా? రేపు తినేది."

నెల్లూరు వాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పనిలేదు. చంటిపిల్లలకు కూడా తెలుసు. పదేళ్లు ఆ బెంచీ మీద నిన్నటి పులుసే తిన్న రెబెక్కమ్మకు తెలియదా? కానీ ఆకలి మనిషి బుర్రను కూడా తినేస్తుంది. పొద్దుటి నుంచీ పొయ్యి ముట్టించాలన్న పంతమే తప్ప ఈ సంగతి ఆమెకు తట్టనే లేదు.

"అక్కా, సాయంత్రం నా బండి. రేపు డ్యూటీ. ఒక్క ముక్క ఎయ్యి."

"ఉంటే ఉండు, పోతే పో. పచ్చి పులుసు పెట్టి పేరు చెడగొట్టుకోను."

రెబెక్కమ్మ మూత మీదికి చెయ్యి పోనిచ్చింది. గరిటె కాడతో ఆ చేతి మీద ఒక్క దెబ్బ పడింది. చురుక్కుమంది. తొందరపడిన ప్లీడర్లకూ పంతుళ్లకూ కూడా ఒకప్పుడు ఈ హోటల్లో అదే దెబ్బ పడేది. రెబెక్కమ్మ చెయ్యి రుద్దుకుంటూ పడీపడీ నవ్వింది.

మదార్ బండి వచ్చి ఆగింది. అతను లోపలికొచ్చి, వాసన పీల్చి, విప్పేసిన మూటల మధ్య నిలబడిపోయాడు. "ఏంది వదినా ఇదంతా? సామానెక్కించొద్దా?"

"ఎట్టా ఎక్కిస్తావు? దాకనిండా పులుసుండాది. కదిలిస్తే ముక్క చెదురుతాది" అంది జమాల్‌బీ. ఎదుటి అరుగు మీద నుంచి లాల్ అహ్మద్ తొంగి చూస్తూ, పులుసేనా అని అడిగాడు. "పులుసే. రేపు రాండి. నలుగురికీ చెప్పండి" అని కేకేసింది. తర్వాత మరిది వైపు తిరిగి గొంతు తగ్గించింది. "సైకిలు షాపు వాళ్లకు గది లేదని చెప్పు మదారూ. నేను యాడికీ రాను."

మదార్ ఏదో అనబోయాడు. వదిన చేతిలో గరిటె చూసి మానుకున్నాడు. ఉత్త బండి తిప్పుకుంటూ, "రా నర్సమ్మా, స్టేషన్లో దించి పోతా" అన్నాడు.

బండి ట్రంకురోడ్డెక్కాక అడిగాడు. "నువ్వన్నా తిన్నావా?"

"లేదబ్బయా. మెతుకు ముట్టలా."

మదార్ ఎద్దులను అదిలించాడు. "అయితే నీ వంతు గూడా రేపు నేనొచ్చి తింటాలే" అన్నాడు.

"తిను నాయనా" అంది రెబెక్కమ్మ, పైటకొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "తిని, ఉప్పు చాల్లేదని ఒక్క మాట అను. ఆమె నీతో పోట్లాడాల."