పచ్చ గీత పక్కన ఎర్ర గీత

లొరైన్ రంగు చుక్కని బోర్డు మీంచి గోకేశారు. అదీ బ్లేడుతో, అదీ ఆమె లేనప్పుడు. మొహం మీద చెప్పే ధైర్యం లేనివాళ్లే ఇలాంటి పనులు చేస్తారు.

శనివారం పొద్దున పదింటికి ఆమె షెడ్డులోకి అడుగుపెట్టేసరికి తలుపు పక్కనున్న బోర్డు మీద 'లొరైన్ ట్రాంటర్' అన్న పేరు ఉన్నట్టే ఉంది. దాని ముందు ఏడేళ్లుగా ఉన్న పచ్చ చుక్క మాత్రం లేదు. చుక్క ఉన్నచోట చెక్క తెల్లగా లేచిపోయి ఉంది. లోపల మిగతా పదిమందీ టీ తాగుతున్నారు. ఒక్కడూ ఆమె కళ్లలోకి చూడలేదు.

ఇంగ్లండులోని క్రాడ్లీలో ఒకప్పుడు ఓడలకి గొలుసులు చేసిన కార్ఖానా అది. ఇప్పుడు అందులో పదకొండు మంది తమ చేతుల్తో తామే కార్లు కట్టుకుంటున్నారు. ఇనప గొట్టాలు కోసి, అతికించి, పాత కార్ల ఇంజిన్లు పీక్కొచ్చి పెట్టి, ఏళ్ల తరబడి ఒక్కో బండితో కుస్తీ పడతారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. స్టీరింగు, బ్రేకులు, చక్రాలు, అంటే ఊడితే మనిషి పోయే చోట్లన్నీ, బిగించినవాళ్లు బిగువు సరిపోగానే చప్పుడు చేసే టార్కు పానాని 'టిక్కు'మనేదాకా తిప్పి, నట్టు మీంచి దాని పక్క లోహం మీదికి బోర్డు మీద తమ పేరు ముందున్న రంగుతో ఒక్క గీత గీయాలి. నట్టు వదులైతే గీత విరిగి కనబడుతుంది. తర్వాత రెండో మనిషి అదే పానా పెట్టి సరిచూసి, పక్కనే తన గీత గీయాలి. రెండు గీతలు లేని బండి షెడ్డు గడప దాటడానికి వీల్లేదు.

లొరైన్‌ది పచ్చ. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. తన బండే కాకుండా, చేతకాని వాళ్ల బండ్లకీ స్టీరింగు ఆమే బిగించి పెట్టేది. రెండో గీత మాత్రం ఎప్పుడూ ఎర్రదే. అది క్లబ్బు పెద్ద క్లైవ్ పెర్రిమన్ రంగు. పన్నెండేళ్లుగా పెద్దరికం వెలగబెడుతున్నాడు కాబట్టి, రెండో గీత తన హక్కన్నట్టు అన్ని బండ్ల మీదా తనే గీసేవాడు.

కిందటి ఆదివారం పాత విమానాల మైదానంలో ఆల్విన్ హింగ్లీ తన బండిని మొదటిసారి గట్టిగా తోలాడు. రెండో మలుపులో ముందు చక్రం స్టీరింగు మాట వినడం మానేసింది. బండి పోయి కంచెలో పడింది, ఆల్విన్ మెడ దగ్గర ఎముక విరిగింది. చక్రాన్ని తిప్పే అల్యూమినియం చెయ్యిని పట్టుకోవాల్సిన బోల్టు తెగిపోయి గడ్డిలో దొరికింది. దాని నట్టు మీద ఉన్నది పచ్చ గీత.

"ఎవరు గోకారు?" అంది లొరైన్.

"నేనే," అన్నాడు క్లైవ్. టీ నీళ్ల కాగు పక్కన గోడకి ఆనుకుని, చేతిలో ఎప్పుడూ ఉండే మెరుగు పాలిష్ డబ్బా మూత తిప్పుతూ. జేబులోంచి బ్లేడు పిడి బయటికి కనబడుతోంది. షెడ్డులో వాళ్లు చాటుగా ఆయన్ని మెరుగుల మహారాజు అంటారు. ఆయన బండి ఇంజిన్లో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. నడిచిన దూరం మాత్రం పది మైళ్లు ఉండదు. "కమిటీ నిర్ణయం. నీ మీద నాకేం కోపం లేదు లొరైన్. కానీ ఒక మనిషి చావు తప్పి బయటపడ్డాడు."

"నన్నడక్కుండానే నిర్ణయం చేశారా?"

"అడిగితే ఏం చెబుతావు, బిగించానంటావు."

"బిగించాను కాబట్టి అంటాను. ఆ బిగింపు విన్న మనిషి అదిగో అక్కడున్నాడు. చెప్పు జస్వంత్, టిక్కు వినబడిందా లేదా?"

జస్వంత్ సింగ్ టీ కప్పులోకి చూశాడు. టాక్సీ తోలే మనిషి, మొహమాటస్తుడు. "వినబడినట్టే గుర్తక్కా. కానీ చాలా రోజులైంది."

"చాలా రోజులైతే టిక్కు వెనక్కి పోతుందా?"

వెనకనుంచి ఎవరో నిప్పు లేనిదే పొగ రాదు అని గొణిగారు. ఈ షెడ్డులో ఎన్ని బండ్ల కింద పడుకుంది తను. ఎంతమంది బండ్ల తుప్పు కళ్లలో వేసుకుంది. అప్పుడు లేని అనుమానం ఇప్పుడు పుట్టుకొచ్చింది.

"సరే. పచ్చ గీత పక్కన ఎర్ర గీత కూడా ఉంది కదా. మరి ఎర్ర చుక్క బోర్డు మీద భద్రంగా ఉందేం?"

"నాది సాక్షి గీత," అన్నాడు క్లైవ్ ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నేను చూసినప్పుడు సరిగ్గానే ఉంది. బిగించిన చెయ్యి నీది. బాధ్యత చేతిదే."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఏ ఊళ్లోనైనా ఇదే న్యాయం.

"ఒక్కమాట," అన్నాడు క్లైవ్ ఇంకా మెత్తగా. "గురువారం నీ బండికి సర్కారు పరీక్ష ఉందని తెలుసు. పచ్చ చెల్లదు కాబట్టి నీ గీతలన్నీ చెల్లవు. కాబట్టి బండి బయటికి వెళ్లదు. తేదీ వదిలేసుకో. వేసవికి ఇంకోటి దొరుకుతుందిలే."

ఆ తేదీ కోసం అయిదు నెలలు చూసింది. ఆ బండి కోసం ఏడేళ్లు. పరీక్షలో గట్టెక్కితేనే నంబరు, నంబరుంటేనే రోడ్డు. కానీ ఆ క్షణంలో ఆమెని మండించింది తేదీ కాదు. 'దొరుకుతుందిలే' అన్న ఆ లే.

"విరిగిన సామాన్లు ఎక్కడున్నాయి?"

"బిస్కెట్ల డబ్బాలో దాచాం. దేనికి?"

"నా మెడకి ఉరి వేసిన తాడు నేను చూడకూడదా?"

డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించారు. తెగిన బోల్టు ముక్క, నట్టు, వాషరు, ఆ అల్యూమినియం చెయ్యి. లొరైన్ కళ్లజోడు సవరించుకుని నట్టు చూసింది. గీత తనదే. కొంచెం కుడివైపు వాలిన గీత, తన చేతిరాత ఎంత తనదో అంత తనది. తర్వాత అల్యూమినియం చెయ్యిని అందుకుంది. అది అద్దంలా మెరుస్తోంది.

"దీన్ని ఎవరు మెరిపించారు?"

ఆ ప్రశ్నకి జవాబు అందరికీ తెలుసు. ఆల్విన్ అప్పటిదాకా మూల కుర్చీలో కూచుని ఉన్నాడు, చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని. "క్లైవే," అన్నాడు. "ఆ ముందు శుక్రవారం సాయంత్రం. మర్నాడు క్లబ్బు పత్రికవాళ్లు ఫొటో తీస్తారని. చక్రం విప్పుతానన్నాడు, సరే అన్నాను."

"ఉన్నచోట ఉన్నట్టే గుడ్డతో రుద్దాను," అన్నాడు క్లైవ్. "గీతల్ని కూడా ముట్టుకోలేదు. చూడు, రెండూ ఎలా ఉన్నాయో."

నిజమే. పచ్చ గీత, ఎర్ర గీత రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి చుట్టూ, వాటిని తప్పించి, ఎంతో శ్రద్ధగా రుద్దాడు మహానుభావుడు. లొరైన్ టార్చి వెలిగించి చెయ్యిని దగ్గరగా పెట్టుకుంది. గీతలు ఎక్కడ మొదలవుతాయో, దానికి అవతల ఏముందో చూసింది. నట్టూ వాషరూ కూచునే గుండ్రటి చోటు. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని జస్వంత్ చేతిలో పెట్టింది.

"ఇక్కడ. వాషరు కింద. ఎలా ఉంది?"

జస్వంత్ వెలుతురులోకి తిప్పాడు. "మెరుస్తోంది."

"ఎంత మెరుస్తోంది?"

"మిగతాదంత." ఇంకాస్త వంచి చూశాడు. "బోల్టు బెజ్జం అంచులో గులాబీ రంగు ముద్ద కూడా ఉందక్కా. మెరుగు ముద్ద."

లొరైన్ గొంతు పెంచలేదు. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు మగవాళ్ల మధ్య పనిచేసిన మనిషి, ఎప్పుడు గొంతు తగ్గించాలో తెలుసు. "నేను బిగించిన వాషరు కిందకి నీ గుడ్డ ఎలా దూరింది క్లైవ్?"

మెరుగు డబ్బా మూత తిరగడం ఆగింది.

"గుమ్మడికాయల దొంగని ఇంకా ఎవరూ పిలవనేలేదు. అప్పుడే భుజం తడుముకోకు. చెప్పు."

"ఒక్క పది నిమిషాలు తీశాను," అన్నాడు క్లైవ్. "ఫొటోలో అంచులు నల్లగా పడతాయని. మళ్లీ పెట్టేశాను. నిర్లక్ష్యంగా ఏం పెట్టలేదు. నట్టు మీద గీత, చెయ్యి మీద గీత సరిగ్గా కలిసేదాకా తిప్పాను. వెంట్రుకవాసి తేడా లేదు."

"టార్కు పానా పెట్టావా?"

"గీత కలిసింది కదా."

పదిమందికీ ఒక్కసారే అర్థమైంది, ఎందుకంటే పదిమందీ ఎప్పుడో ఒకప్పుడు చేద్దామనుకున్న పనే అది.

"ఒక చుట్టు తక్కువైనా గీత అక్కడే కలుస్తుంది," అంది లొరైన్. "గడియారం ముల్లు పన్నెండు మీదుంటే పగలో రాత్రో నీకెలా తెలుస్తుంది? లోపల ప్లాస్టిక్కు రింగున్న నట్టు అది. బిగిసినా బిగియకపోయినా బిగువుగానే తిరుగుతుంది. నువ్వు ఒక చుట్టు ముందే ఆపేశావు. నా గీతని నా గీతకి అతికించి, ఆల్విన్‌ని దాని మీద కూచోబెట్టి పంపించావు. అది విరిగాక నా చుక్క గోకావు."

"నాకు తట్టలేదు లొరైన్, ఒట్టు."

"ఆదివారం బోల్టు దొరికినప్పుడు కూడా తట్టలేదా? శుక్రవారం నీ చేత్తో నువ్వే విప్పిన బోల్టు."

క్లైవ్ మెరుగు డబ్బా కాగు పక్కన పెట్టేశాడు. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా.

"సరేలే," అన్నాడొకడు, టీ ముగించి. "తప్పు తెలిసిపోయింది. లొరైన్ చుక్క లొరైన్‌కి పెట్టేద్దాం. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది." ఇంకో ఇద్దరు తలలూపారు. తలలూపడం ఎంత తేలికో వాళ్లకి. వారంరోజులు ఈమె కాఫీ హోటల్లో కూడా తలెత్తుకోకుండా చేసి, ఇప్పుడు పొరపాటట.

లొరైన్ వాళ్ల వైపు చూడలేదు. షెడ్డు చివరున్న తన బండి దగ్గరికి నడిచింది. ఏడేళ్ల బండి, ఇంకా రంగు కూడా వెయ్యలేదు. వంగి ముందు చక్రం దగ్గర వేలు పెట్టింది. పచ్చ గీత. పక్కన ఎర్ర గీత.

"క్లైవ్. దీని మీద ముప్పై ఎనిమిది చోట్ల నీ ఎర్ర గీత ఉంది. పానా పెట్టి గీశావా, నా గీత చూసి గీశావా?"

ఆయన వెంటనే చెప్పి ఉంటే బాగుండేది. ముందు గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు బిగించావంటే ఇంక చూడాల్సిందేముంటుంది? నీ పని నాకు తెలీదా?"

చుక్క గోకినప్పుడు కూడా లొరైన్‌కి ఇంత మండలేదు. సరిచూడాల్సినప్పుడు ఈమె మీద అంత నమ్మకం. నింద వెయ్యాల్సొచ్చినప్పుడు ఆ నమ్మకం ఏ గంగలో కలిసిందో.

ఆమె రంగు చెరిపే థిన్నర్ సీసా మూత తీసింది. గుడ్డ తడిపి, మొదటి ఎర్ర గీత తుడిచింది. రెండోది తుడిచింది. ఒక్కోదానికీ పానా పెట్టింది. టిక్కు. తుడుపు. టిక్కు. తనవి తనకి తెలుసు, ప్రతిదీ పలుకుతోంది.

"ఎన్ని తుడుస్తావక్కా?" అన్నాడు జస్వంత్ దగ్గరికొచ్చి.

"అన్నీ. గురువారానికి రెండో గీత నిజంగా చూసిన మనిషిది ఉండాలి. నువ్వు చూస్తానంటే నీ నీలం రంగు పెట్టు. చూడకపోతే పెట్టకు."

"చూస్తాను." కదల్లేదు. "అక్కా, నా బండి మీద కూడా ఎర్రవే."

జస్వంత్ తన మనవరాల్ని రోజూ బడికి తీసుకెళ్లే బండి అది. అతను తన బండి దగ్గరికి పోయి, తనే బిగించుకున్న వెనక చక్రం దగ్గర కూచుని, పానా తగిలించాడు. అందరూ చూస్తున్నారు. టిక్కు రాలేదు. నట్టు తిరిగింది. పావు చుట్టు, అర చుట్టు, ఇంకొంచెం. అప్పుడు పలికింది. జస్వంత్ పానా కింద పెట్టి, లేవకుండా అలాగే కూచున్నాడు.

ఆ తర్వాత ఎవరూ పొరపాటు అన్న మాట ఎత్తలేదు. ఒక్కొక్కరే టీ కప్పులు దించి, గుడ్డలు పట్టుకుని, థిన్నర్ కోసం లొరైన్ దగ్గరికి వచ్చారు. అడగడానికి నోరు రాక చెయ్యి చాపారు. ఆమె పోసింది. ఒక్క మంచిమాట మాత్రం కలపలేదు. మధ్యాహ్నానికి షెడ్డంతా థిన్నర్ వాసన, టిక్కులు, అక్కడక్కడా టిక్కు రావాల్సిన చోట రాక ఎవరో తిట్టుకోవడం.

ఆల్విన్ కుర్చీలోంచి లేచి, పచ్చ డబ్బా అడిగి పుచ్చుకుని, ఎడం చేత్తో బోర్డు మీద చుక్క పెట్టాడు. అది వంకరగా, చెక్క లేచిన చోటంతా పాకి, మునుపటికి రెట్టింపు అయింది.

క్లైవ్ ఇంకా కాగు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. చివరికి ఆయనే లొరైన్ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి నా చుక్క ఏం చేద్దామంటావు?"

లొరైన్ ఇరవై రెండో నట్టు మీద ఉంది. టిక్కు వినబడేదాకా తల తిప్పలేదు.

"నన్నడుగుతావేం?" అంది. "బ్లేడు నీ జేబులోనే ఉందిగా."