సెకను పాటు తగ్గిన వెలుగు

కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆవిడకి ఆ సాయంత్రం కావలసింది ముప్పావుగంట చీకటి. అంతకు మించి ఎవర్నీ ఏమీ అడగలేదు.

నెప్ట్యూన్‌కి అవతలెక్కడో తిరిగే ఒక మంచుముద్ద, ఏడూ నలభై రెండుకి, పడమట కిందికి వాలిన ఒక చిన్న నక్షత్రానికి అడ్డం రాబోతోంది. నక్షత్రం ఎన్ని సెకన్లు కనపడకుండా పోయిందో కచ్చితంగా చెబితే, ఆ ముద్ద ఎంత పెద్దదో లెక్క తేలుతుంది. అబ్జర్వేటరీలో ఒక శాస్త్రవేత్త, సొంత టెలిస్కోపులున్న పదకొండు మందికి ఈ పని అప్పజెప్పాడు. వాళ్ళలో ఈవిడ ఒకరు.

డాబా మీది ఫ్లడ్‌లైటు ఆ కాసేపు ఆపమని అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి వారం ముందే కాగితం రాసిచ్చింది. రెండుసార్లు గుర్తు చేసింది. ఆయన రెండుసార్లూ "చూద్దాం లెండి" అన్నారు. లిఫ్టు బాగుచేయించమన్నా అదే మాట చెప్పి ఏడాది దాటించిన మనిషి. ఇక లాభం లేదని ఆవిడే వెళ్ళి స్విచ్చి కట్టేసింది.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ ఐదంతస్తులూ ఎక్కి వచ్చి, టెలిస్కోపు పక్కన కుర్చీ వేసుకుంది.

"తోడుగా కూర్చుంటానంతే. నోరు విప్పను" అంది. నిజంగానే విప్పలేదు.

ఏడూ నలభై దాటింది. కెమెరా నడుస్తోంది. లాప్‌టాప్ తెర మీద ఆ చుక్కనే చూస్తూ కూర్చున్న ఆవిడకి మెట్ల మీద సెక్రటరీగారి చెప్పుల చప్పుడు వినిపించింది.

"లైటు ఎవరు ఆపారండీ? ఎవరైనా కాలు జారి పడితే పూచీ ఎవరిది?"

"నేనే ఆపాను. రెండు నిమిషాలు ఆగండి, మీకు దండం పెడతాను."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా..."

"వారం నుంచీ చెబుతూనే ఉన్నాను."

కసికొద్దీ కొన్ని క్షణాలు మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ తెరవైపు తిరిగింది. కాసేపటికి చుక్క చటుక్కున ఆరిపోయింది. సెక్రటరీగారి సణుగుడు కూడా వినపడలేదు ఆవిడకి. పంతొమ్మిది సెకన్ల తరవాత నక్షత్రం మళ్ళీ వెలిగింది.

మర్నాడు శాస్త్రవేత్త ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ రికార్డింగులో, నక్షత్రం ఆరిపోవడానికి నలభై సెకన్ల ముందు, వెలుగు సగానికి పడిపోయి మళ్ళీ లేచింది. ఒక్క సెకను. ఆ ముద్ద చుట్టూ వలయం ఉందేమో. ఎనిమిది మందికి మబ్బు పట్టింది, మిగతా ఇద్దరూ కెమెరా ఆలస్యంగా మొదలుపెట్టారు. తేల్చాల్సింది మీరే. అప్పుడు టెలిస్కోపు ముందు ఎవరూ లేరు కదా?"

ఆవిడ గబగబా సెక్రటరీగారి ఇంటికి దిగింది.

"నేను మెట్ల దగ్గరే ఉన్నానండీ. మీ సామాను ఛాయలకి కూడా రాలేదు. కావాలంటే రాసిస్తాను" అన్నారాయన. వారం రోజులు ఉలుకూ పలుకూ లేని మనిషి, అయిదు నిమిషాల్లో సంఘం ముద్ర వేసి మరీ రాసిచ్చారు.

ఆ కాగితం చూసి అత్తగారు పెదవి విరిచింది.

"అబద్ధం. నువ్వు అటు తిరగ్గానే, లోపల ఏముందోనని గొట్టం ముందుకొచ్చి తొంగిచూశాడు."

"అత్తయ్యా, ఆ మాట నిన్ననే చెప్పొచ్చు కదా."

"నోరు విప్పనన్నానుగా."

ఆవిడ తల పట్టుకుంది. వలయం కనిపెట్టిన మనిషి అనిపించుకోవడానికి ముద్ర వేసిన సాక్ష్యం చేతిలో ఉంది. కాదనేది అత్తగారొక్కతే. అత్తగారి కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చింది తానే. దూరపు చూపులో ఏ లోపమూ లేదని తనకంటే బాగా ఎవరికి తెలుసు?

చీకటి పడకముందే ఫోన్ తీసింది.

"అది వలయం కాదండీ. మా సెక్రటరీగారి తల."

"ఖాయమా?" అన్నాడు శాస్త్రవేత్త.

"సగం తల. ఖాయమే."

అతను నిట్టూర్చి, "పోనీలెండి, ఆ పంతొమ్మిది సెకన్లు మాత్రం బంగారం. మీ ముగ్గురివీ కలిపితే కొలత వస్తుంది" అన్నాడు.

మూడు నెలలకి నివేదిక వచ్చింది. పట్టికలో ఆవిడ పేరు, పక్కనే చిన్న అక్షరాలతో "ఒక సెకను తగ్గుదల: మనిషి అడ్డు" అని ఉంది. సంగతి ఎలా తెలిసిందో, మర్నాడు పొద్దున్నే సెక్రటరీగారు గుమ్మంలో నిలబడ్డారు.

"మనిషి అని ఊరుకున్నారేమండీ? నా పేరు వెయ్యాలి కదా."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"గుమ్మంలోనే నిలబెట్టావేం, లోపలికి రమ్మను" అంది అత్తగారు వంటింట్లోంచి. "కాఫీ కలుపుతున్నా."