తడిచేయి

నేను మా అత్త సోమమ్మకు నీళ్ళు పోస్తుంటే మా ఆయన పరమేష్ వచ్చి నా తడి చేతిలో ఒక అట్ట పెట్టాడు. ఎర్ర బొట్టుబిళ్ళల అట్ట.

"రేపటి సంది పెట్టుకో. గాజులు గూడ ఏసుకో. ఎలక్షన్లయ్యేదాంక."

"ఏందిరా అది?" అంది అత్త.

"నీకెందుకే" అని వెళ్ళిపోయాడు.

అట్ట తడవకుండా గూట్లో పెట్టి మళ్ళీ అత్త వీపు రుద్దడానికి కూర్చున్నాను. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగీ తాగీ ఆమె ఎముకలన్నీ వంగిపోయాయి. మోకాళ్ళు చాపలేదు, మెడ తిప్పలేదు. మంచం మీంచి రాయి మీదికి, రాయి మీంచి మంచం మీదికి నేనే ఎత్తాలి. పొద్దున పత్తి ఏరబోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి. ఇది పని కిందికి రాదు. "ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవే" అని పరమేష్ అడిగినప్పుడల్లా నేను చేస్తూ ఉండేది ఇదే.

నేను బొట్టుతో పెరిగిన పిల్లను. నారాయణపేట దగ్గర మా ఊళ్ళో మైసమ్మకు బోనం ఎత్తినదాన్ని. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన మూడోనాడు, ఇదే రాయి దగ్గర, సోమమ్మ చెంబులో చేయి ముంచి నా నుదురు తుడిచేసింది. "మనం యేసయ్య బిడ్డలం. ఇయ్యన్ని మనకు నడువయి" అంది. సంబంధం మాట్లాడుకున్నప్పుడే మా నాయనకు ఆ సంగతి తెలుసట. తెలియంది నాకొక్కదానికే. ఆ చేయి చల్లగా ఉండింది. నాకు ఏడుపొచ్చింది. పరమేష్ పక్కనే నిలబడి పండ్లు తోముకుంటున్నాడు. అతని మొహాన తుడవడానికేమీ లేదు. మొగవాడు గుడికి పోయొచ్చినా చర్చికి పోయొచ్చినా మొహం ఒక్కతీరే ఉంటుంది.

మొదట్లో కోపంతోనే చర్చికి పోయేదాన్ని. తర్వాత్తర్వాత ఆదివారం కోసం ఎదురుచూశాను. నిజం చెప్తున్నాను, అక్కడ చాప మీద కూర్చోవచ్చు, అందుకు. ప్రార్థన అయ్యేదాకా ఎవరూ లేచి చాయ పెట్టమనరు. రెండో బిడ్డ కడుపులోనే పోయినప్పుడు ఇంట్లో అందరూ "మల్లయితది తియ్" అన్నారు. నేను ఆ చాప మీదికి పోయి ఏడ్చాను. ఆ యేసయ్యకే అంతా చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు, విన్నాడు. అప్పటినుంచి ఆయన నావాడు. సోమమ్మ తుడిస్తే రాలేదు, చర్చి అయ్యగారు చెప్తే రాలేదు.

ఈసారి మా ఊరి సర్పంచి సీటు ఎస్సీ మహిళకు వచ్చింది. కాయితాల్లో మేము హిందూ మాదిగలం. కిరస్తానమని తేలితే ఆ ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. అందుకే మా వాడలో అందరం కాయితాల్లో ఒకటి, ఆదివారం ఇంకొకటి. ఊరంతటికీ తెలిసిన సంగతే ఇది. ఓట్లు వచ్చేదాకా ఎవరికీ పట్టదు.

నిలబడింది నేను, అవతల పక్కవాడ రామచంద్రం భార్య శైలజ, వాళ్ళది బొట్టు పెట్టే ఇల్లు. కొట్లాడుకునేది మాత్రం పరమేష్, రామచంద్రం. మేమిద్దరం బోరింగు దగ్గర కలిస్తే బిందెలు ఎత్తుకోవడానికి ఒకరికొకరం చేయి సాయం పడతాం, అంతే. "గామె పక్కా కిరస్తానం. బొట్టు పెట్టిందా ఏనాడన్న? గెల్చినా కోర్టుకు గుంజుత" అని రామచంద్రం హోటలు కాడ అన్నాడట. ఆ మాట వినే పరమేష్ బొట్టుబిళ్ళలు కొనుక్కొచ్చాడు.

చర్చి అయ్యగారు ఏసోబు కూడా మా ఇంటికొచ్చాడు. "దేవుడు హృదయం జూస్తడమ్మా, పెట్టుకో. నువ్వు గెలిస్తే మన మందిరానికి ప్రహరీ అయితది" అన్నాడు. మరి తుడిచినప్పుడు ఈ హృదయం చూసే దేవుడు ఎక్కడికి పోయాడు అయ్యగారూ అని నా నోటిదాకా వచ్చింది. చాయ ఇచ్చి పంపాను.

తర్వాత నన్ను ఊరి గుళ్ళోకి తీసుకుపోయారు. మా అత్తను బతుకంతా గడప తొక్కనియ్యని గుడి అది. నేను కిరస్తానం కాదని చూపించుకోవడానికి మాత్రం తలుపులు బార్లా తెరిచారు. పూజారి తీర్థం పైనుంచి పోశాడు, చేయి తగలకుండా. కొబ్బరికాయ కొట్టాను. ఫోటోలు తీశారు. పరమేష్ నవ్వుతూ ముందు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం అత్తకు అన్నం తినిపిస్తుంటే ఆమె వంకర వేళ్ళతో నా నుదురు తడిమింది.

"నేను తుడిసిన జాగలనే పెట్టుకున్నవా?"

"ఆయన పెట్టుకొమ్మన్నడు అత్తమ్మా."

నోటి దగ్గరికొచ్చిన ముద్దను చేత్తో ఆపింది. తర్వాత అంది, "ఆనాడు నిన్ను అడగకుంటనే తుడిసిన. తప్పయింది బిడ్డా. నేను పోయిననాడు నన్నైతే అడగకుంట పంపకుర్రి. పాట పాడి, సిలువ పెట్టి పంపు."

"సరే" అన్నాను. ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడిగి తీసుకున్నది ఆ ఒక్క మాటే.

పోలింగు ముందు వారంలో, తెల్లవారేసరికి సోమమ్మ పోయింది. పరమేష్ ఆమె కాళ్ళు పట్టుకొని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైందే, నేను కాదనను. తర్వాత మొహం కడుక్కొని ఫోను తీశాడు. "అయ్యగారిని రావద్దన్న. పాటలు గీటలు వద్దు. డప్పు పెట్టిస్త. పసుపు కుంకుమ తెప్పిస్తున్న."

"అత్తమ్మకు మాటిచ్చిన."

"సచ్చినామెకు ఏం ఎరుక? సీటొక్కటే గాదు, రేపు పిల్ల సర్టిఫికెట్ గూడ తీసేస్తరు. గురుకులంలకెళ్లి ఎల్లగొడ్తరు. జర సోంచాయించు."

నాకున్నది ఒక్కతే బిడ్డ, ఆ గురుకులం హాస్టల్లో కడుపునిండా తింటోంది, ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఆమె పత్తి చేలోకి రాకూడదనే నేను ఇవన్నీ మోస్తున్నాను. నీళ్ళ కాగు కింద మంట పెట్టాను.

ఆఖరి స్నానం కూడా నేనే చేయించాను. శైలజ వచ్చి, ఎవరూ పిలవకుండానే చెంబుతో నీళ్ళందించింది. చచ్చిపోయాక కూడా సోమమ్మ తిన్నగా పడుకోలేదు. మోకాళ్ళు పైకే ఉన్నాయి. కొత్త చీర చుట్టి వాకిట్లో చాప మీద పెట్టాం. ఊరు ఊరంతా వచ్చింది. ఓట్ల ముందు చావు కదా.

అప్పుడు పరమేష్ పసుపు పూసి, అందరికీ కనపడేటట్టు, అమ్మ నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టాడు.

వాకిట్లో ముసలమ్మలంతా ఒక్కసారి నోళ్ళు నొక్కుకున్నారు. "మొగడు సచ్చిన మనిషికి కుంకుమ పెడ్తవేందిరో!" అంది ఒకామె.

పరమేష్ చేయి అట్లాగే ఆగిపోయింది. పుట్టింది చర్చిలో, పెరిగింది చర్చిలో. విధవరాలికి కుంకుమ పెట్టరని అతనికి చెప్పినవాళ్ళెవరు? రామచంద్రం ఫోను పైకెత్తి వీడియో తీస్తూ నవ్వాడు. "తాతల కాలం సంది హిందువులమంటివి. గింత ఎరుక లేకపాయె?"

పరమేష్ నా మీదికి తిరిగాడు. "నీకెరుకే గదనే! నోట్ల ఏం పెట్టుకున్నవ్?" అని అందరిముందు అరిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమే, నాకు తెలుసు. నన్ను ఎప్పుడు అడిగాడు? మా నాయన అడిగాడా, సోమమ్మ అడిగిందా? ఒకరు తుడవడానికి, ఒకరు పెట్టడానికి తప్ప నా నుదురు ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు చచ్చి పడుకున్న ఆ ముసలిదానికీ అదే గతి.

శైలజ చేతిలోని చెంబు తీసుకున్నాను. చేయి ముంచి సోమమ్మ నుదురు తుడిచాను. ఒకసారికి పోలేదు. పసుపు కూడా పోయేదాకా తుడిచాను.

"ఈమె కిరస్తానం. పాట పాడి పంపుమన్నది" అన్నాను.

రామచంద్రం ఫోను నా మొహం మీదికి తిప్పాడు. "మరి నువ్వో?"

పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి అతనే.

"చెప్పకే" అన్నాడు పరమేష్ మెల్లగా. "నీ కాల్మొక్త. పిల్ల సీటు పోతది."

అతను నన్ను బతిమాలడం కూడా అదే మొదటిసారి. నా బిడ్డ మొహం కళ్ళముందుకొచ్చింది. బొట్టుబిళ్ళ గోటితో పీకి అతని అరచేతిలో పెట్టాను, ఆరోజు నా చేతిలో అతను అట్ట పెట్టినట్టే.

"నువ్వు పెట్టుకో" అన్నాను.

సోమమ్మ తల దగ్గర చాప మీద కూర్చొని పాట ఎత్తుకున్నాను. వాడలో పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ వచ్చిన పాటే. ఒక్కరూ గొంతు కలపలేదు. వాళ్ళకూ పిల్లలున్నారు. చివరి చరణం దాకా నేనొక్కదాన్నే పాడాను.