చేదుమాత్ర నోట ‘బాగుంది’

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. పోతే మొత్తం పోవచ్చు కదా, ఒక్క మాట మిగిలింది. బాగుంది. ఆకలేస్తుందా అంటే బాగుంది. దుప్పటి తడిసిందా అంటే బాగుంది. సూది గుచ్చుతుంటే కళ్లనీళ్లు కారుస్తూ కూడా బాగుంది. ఈ జబ్బులో మెదడు ఏదో ఒక మాటను పట్టుకుని వేలాడుతుందట, అది ఏ మాటన్నది ఎవరి చేతుల్లోనూ ఉండదట. డాక్టరమ్మ చెప్పింది. ఉండదని నాకూ తెలుసు. అయినా ఇంతకంటే దిక్కుమాలిన ఎగతాళి ఇంకొకటి ఉంటుందా?

ఎందుకంటే ఆయన జన్మలో ఆ మాట రాసిన మనిషి కాదు. పత్రికలో ‘ఒక్క ముక్కలో’ అనే శీర్షిక ఆయనది. ఆ వారం వచ్చిన సినిమాలన్నిటికీ, దెయ్యాలదైనా ప్రేమదైనా యుద్ధానిదైనా, తలా రెండు వాక్యాలు. కింద ‘చేదుమాత్ర’ అని సంతకం. హాస్యచిత్రం వస్తే, “నవ్వించడానికి అందరూ చాలా కష్టపడ్డారు. ఆ కష్టం చూస్తే ఏడుపొచ్చింది” అని రాసేవారు. దెయ్యం సినిమాకు, “దెయ్యం వచ్చినప్పుడల్లా జాలేసింది. పాపం దానికి ఇంకెక్కడా పని దొరకలేదేమో.” హత్యల సినిమాకు, “హంతకుణ్ణి పేర్లు పడుతుండగానే పట్టుకున్నాను. పోలీసులు ఇంటర్వెల్ తర్వాత కూడా వెతుకుతున్నారు.” ఒకసారైతే, “కుటుంబంతో కలిసి చూడమన్నారు. చూశాను. కుటుంబం నాతో మాటలు మానేసింది” అని రాశారు. ఆ కుటుంబాన్ని నేనే. నిజంగానే మానేశాను, నాకా సినిమా నచ్చింది మరి. ఆయనకు ఎంత నచ్చినా కలంలోంచి రాలేది ‘చూడొచ్చు’ అన్న ముక్కే. ఆ చూడొచ్చు కోసం పెద్ద పెద్ద దర్శకులు ఆయన్ని తిట్టుకుంటూనే ఎదురుచూసేవాళ్లు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. నన్ను చూసేవారు కాదు. మా మరిది రోజూ పొద్దున్నే వచ్చి, ఎత్తి కూర్చోబెట్టి ఒళ్లు తుడుస్తాడు, వాణ్ణీ చూసేవారు కాదు. మరిదికి అన్నయ్యంటే ప్రాణం. అద్దాలు కోసే దుకాణం తాళం తీయడం మానుకుని మరీ ఇక్కడ కూర్చునేవాడు. ఎంత పిలిచినా గోడే. శుక్రవారం వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. “మీరిలాగే పడుకుంటానంటే నేను సినిమాకి పోతున్నా” అని పత్రికవాళ్లు ఇప్పించిన ఆయన సినిమా పాసు సంచిలో వేసుకుని నిజంగానే పోయాను.

తిరిగొచ్చి, స్టూలు లాక్కుని, కసికొద్దీ కథంతా చెప్పాను. ఒక పోలీసు, వాడికో పగ, వాడి చుట్టూ బోలెడు కార్లు. సగం చెప్పేసరికి ముఖం నావైపు తిరిగింది. అంతా అయ్యాక “బాగుంది” అన్నారు, పెట్టె మూత టక్కున వేసినట్టు. ఇన్నేళ్లు పక్క సీట్లో కూర్చున్నదాన్ని, ఆ టక్కుమనడం నాకు తెలియదా? అది ‘పనికిమాలిన సినిమా’ అని చెప్పడం.

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం నేను చూసి రావడం, చెప్పడం, ఆయన బాగుంది అనడం, నేను రాసి చదివి వినిపించడం. టక్కున తుంచేస్తే వద్దని. నెమ్మదిగా సాగదీసి, చివర్లో గొంతు కాస్త లేపితే చూడొచ్చని. నేను రాసింది కుదరకపోతే మళ్లీ మళ్లీ తుంచేవారు, మార్చేదాకా ప్రాణం తీసేవారు. ఆయన చెబుతారు, నేను రాస్తాను అని ఎడిటరుగారికి చెప్పాను. శీర్షిక ఆగలేదు. గోడవైపు తిరగడం మాత్రం ఆగింది.

మరిది నమ్మలేదు. “వదినా, నువ్వే రాసేసి అన్నయ్య పేరు పెడుతున్నావు కదూ” అన్నాడొక రోజు, నవ్వుతూనే.

“నేను రాస్తే ఆ ఓడ సినిమాని ఆకాశానికెత్తేదాన్ని. కొంగు తడిసేలా ఏడ్చాను. మీ అన్నయ్య తుంచిపారేశారు కాబట్టే ‘నీళ్లు సమృద్ధిగా ఉన్నాయి. కథ అందులోనే మునిగింది’ అని రాయాల్సొచ్చింది.”

“అన్నయ్య ఏడుపుకైనా, నవ్వుకైనా ఆ మాటే అంటాడు. నీకు కావాల్సింది నువ్వు వింటున్నావేమో.”

నేను ఒంటికాలి మీద లేచాను. వారం రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండు వాక్యాలు ఆయనవి కాకపోతే ఇక ఆ మంచం మీద ఉన్నది వట్టి ఒళ్లే. దాన్ని నేను ఒప్పుకోలేను.

తర్వాత ఆయనకు మింగడం కష్టమైంది. చెంచాడు నీళ్లు పోసినా పొలమారేది. అవి ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం పట్టుకుంది. మళ్లీ ఆసుపత్రి. డాక్టరమ్మ నన్నూ మరిదినీ మంచం పక్కనే నిలబెట్టి, ఆయనకూ వినిపించేలా నింపాదిగా చెప్పింది. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టి, యంత్రంతో ఊపిరి ఇస్తే బతుకుతారు. కొన్నేళ్లు బతకొచ్చు. కానీ మంచం దిగరు, నోటితో తినరు, ఆ ఒక్క మాటా రాదు. గొట్టం వద్దంటే నొప్పి తెలియకుండా చూసుకోవడమే, ఎక్కువ రోజులుండరు.

“అన్నయ్యా, గొట్టం పెట్టించుకుంటావా?” మరిది వంగి అడిగాడు.

“బాగుంది.”

మరిది కళ్లనీళ్లు తుడుచుకుని, “ఒప్పుకున్నాడమ్మా” అన్నాడు.

“ఒప్పుకోలేదు. వద్దంటున్నారు” అన్నాను నేను.

“వదినా, నీకేమైనా పిచ్చా? అందరం విన్నాం.”

డాక్టరమ్మ ఆయన్ని ఏవేవో అడిగింది. మీరు ఆడవారా? బాగుంది. బయట మంచు కురుస్తోందా? బాగుంది. ఆమె నావైపు తిరిగి, “ఆయన మాటను నేను లెక్కలోకి తీసుకోలేనమ్మా. భార్యగా మీరే చెప్పాలి” అంది.

“సినిమాలకి నీ ఇష్టమొచ్చినట్టు రాసుకున్నావు, దానివల్ల ఎవడూ చావలేదు” అన్నాడు మరిది. గొంతు పెంచలేదు, నా వంక చూడలేదు.

అందరినీ కాసేపు బయటికి పొమ్మన్నాను. స్టూలు లాక్కున్నాను. ఏం చెయ్యాలో తెలియక శుక్రవారంలాగే మొదలుపెట్టాను. “ఏవండీ, కొత్త సినిమా. ఒకాయన ఉంటాడు. నోటికి హద్దు లేదు. ఆయన పెళ్లాం ఇంకో గయ్యాళి. ఆయనకి జబ్బు చేస్తుంది.” ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. “రెండు ముగింపులు తీశారట. మొదటిది, గొంతులో గొట్టం పెడతారు. ఏళ్లు గడుస్తాయి. పెళ్లాం పక్కనే కూర్చుని ప్రతి శుక్రవారం కథ చెబుతూనే ఉంటుంది. ఆయన వింటుంటాడు.”

“బాగుంది.” టక్కున.

“రెండోది, ఇంటికి తీసుకెళతారు. ఆయన గది, ఆయన కిటికీ. కొన్నాళ్లకి పోతాడు. పెళ్లాం ఒక్కతే ఉంటుంది.”

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. “బా...గుంది” అన్నారు. సాగదీసి, చివర గొంతు లేపి.

ఆయన మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్లు ఎన్ని సినిమాలకి ఆ ‘చూడొచ్చు’ ఎగ్గొట్టారో, దీనికి ఇచ్చారు. మొదటి ముగింపు మళ్లీ చెప్పాను. ఈసారి రంగులద్ది, మరిదిని తెచ్చి పెట్టి, కిటికీలోంచి ఎండ తెచ్చి పెట్టి, బతిమాలుతూ చెప్పాను. మళ్లీ తుంచారు. నేను మంచం కమ్మీకి తలానించి ఏడ్చాను. ఆయన ఎడమచెయ్యి నా జుట్టు మీద పడింది.

ఇంటికి తీసుకెళతామని డాక్టరమ్మతో చెప్పాను. మరిది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా అన్నయ్యను ఎత్తి బండిలో పడుకోబెట్టింది వాడే, ఇంట్లో మంచం మీదికి దించిందీ వాడే.

ఇంట్లో మొదట్లో తేలిగ్గానే ఉన్నారు. మందుకి నిద్రపోయేవారు, లేచి కిటికీ చూసేవారు. ఒక మధ్యాహ్నం ఊపిరి మారింది. ఛాతీ మొత్తం ఎగిసి, ఆగి, మళ్లీ ఎగిసేది. మెడలో నరాలు తేలాయి. కళ్లు మా ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి. ఆ కళ్లలో భయం ఉంది. అది నాకు స్పష్టంగా కనిపించింది. మరిది మోకాళ్ల మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నయ్యా, ఆసుపత్రికి వెళదామా? బండి పిలవనా?”

“బాగుంది.”

ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. తుంచలేదు, సాగదీయలేదు. అలాంటిది ఏ సినిమాకీ అనలేదు. ఇంకొక్కసారి అంటారేమోనని వంగాను. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

మరిది ఫోను చేతిలో పట్టుకుని నావైపు చూశాడు. ఇన్నాళ్లలో మొదటిసారి, చిన్నపిల్లాడిలా నన్నడిగాడు. “ఏమంటున్నాడు వదినా?”

“వద్దంటున్నారు” అన్నాను.

వాడు తలూపి ఫోను కింద పెట్టేశాడు. అన్నయ్య కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిసుకుతూ కూర్చున్నాడు. నేను నమ్మించాను, వాడు నమ్మాడు. సాయంత్రానికి ఆయన పోయారు. ఆయన ఏమన్నారో నాకు తెలియదు.