నెమ్మదిగా పడిన చక్రాలు

పక్షవాతంతో నాన్న కుడిచెయ్యి పడిపోయి ఏడు నెలలైంది. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన చెయ్యి! ఇప్పుడు రెండు వేళ్లు మాత్రం కాస్త కదులుతున్నాయి. ఆ రెండు వేళ్ల కోసమే కూతురు కంప్యూటర్ ఆటలు తయారుచేసే గేమ్ ఇంజిన్ నేర్చుకుని ఒక ఆట తయారుచేసింది. పైనుంచి ముప్పై వాచీ చక్రాలు ఒకదాని వెనక ఒకటి పడతాయి. మీట నొక్కినప్పుడల్లా కింద గిన్నె ఒక గడి జరుగుతుంది. చక్రాన్ని గిన్నెలో పట్టాలి, అంతే.

"ముప్పైకి ముప్పై పట్టిన రోజు మన వాచీల కొట్టు మళ్లీ తెరుద్దాం నాన్నా," అంది.

మొదటి వారం నాలుగు. తర్వాత పదకొండు, పంతొమ్మిది, ఇరవై ఏడు! ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మూసేసిన అద్దె కొట్టుకు వెళ్లి దుమ్ము దులిపి, బల్ల తుడిచి, కొత్త బల్బు కూడా పెట్టొచ్చింది. అక్కడితో ఊరుకుందా? ఆఫీసులో అందరికీ చూపించి మురిసిపోదామని ఆటను అక్కడి కంప్యూటర్‌లో పెట్టింది.

చక్రాలు వడగళ్లలా కురిశాయి. రెండు చేతులూ బాగున్న ఆమెకే ఆరు దొరికాయి.

తను రాసిన కోడ్ తెరిచి చూసింది. తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ చక్రం ఇంత దిగాలని రాసింది గానీ, సెకనుకు ఇంత అని రాయలేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ముసలిది. దుమ్ము పట్టి, వేడెక్కి, వారం వారానికీ బొమ్మలు మార్చలేక ఇంకా ఈడుస్తోంది. చక్రాలూ దానితోపాటే నెమ్మదించాయి. చెయ్యి బాగుపడలేదు, ఆటే నీరసించింది. ఎంత పిచ్చిమొద్దు తను!

ఇంటికొచ్చి తప్పు సరిచేసింది. తీరా చూస్తే ఒక్క లైను. నాన్న ఆడాడు. నాలుగు. మళ్లీ ఆడాడు. మూడు.

"తప్పు నాదే నాన్నా. ఇన్నాళ్లూ చక్రాలు నెమ్మదిగా..."

"తెలుసమ్మా," అన్నాడాయన. "నలభై ఏళ్లు వాచీలు చూసినవాణ్ణి. సెకను సాగితే నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఒక్కో చక్రం పట్టినప్పుడల్లా నీ మొహం వెలిగిపోయేది."

ఆమెకు ఏడుపు ఆగలేదు. నాన్న ఎడమచేత్తో దిండు కిందనుంచి కొట్టు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు.

"రేపు ఇది కొట్టు ఓనరుకిచ్చేసి రా. ఆ చక్రాల్ని మాత్రం మళ్లీ ఎప్పట్లా నెమ్మదిగా పడనీ. ఆడుకుంటాను."

ఆమె కళ్లు తుడుచుకుని, సరిచేసిన లైను చెరిపేసింది.