సరిచూసినవారు

నీళ్ల పరీక్షశాలలో ఆమెని ఇప్పటికీ చిన్నమ్మాయి అనే పిలుస్తారు. చేరినప్పుడు ఇరవై రెండేళ్లు, ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. పన్నెండేళ్లుగా సీసాల్లో నీళ్లు, కాగితం మీద అంకెలు. ఒళ్లు కాదు, మనసే అలిసిపోయింది. పై చదువుకి దరఖాస్తు పెట్టడానికి రేపే ఆఖరు రోజు. దానికి యజమాని సిఫార్సు ఉత్తరం కావాలి.

యజమాని పెద్దాయనకి ఉత్తరాలంటే ఒళ్లుమంట. అన్నీ ఆమే టైపు చేస్తుంది, ఆయన సంతకం గీకుతాడు. అందుకే తన గురించి తనే రాసుకుని నాలుగు రోజులుగా సంచిలో మోస్తోంది. నోటిదాకా వచ్చిన మాట రోజూ వెనక్కి పోతోంది. ఇవాళ మోసే ఓపిక కూడా లేక చెప్పేసింది.

"సార్, పై చదువుకి దరఖాస్తు పెడుతున్నాను. మీ సంతకం కావాలి."

ఆయన కళ్లజోడు సర్దుకుని కాగితం అడుగున చూశాడు. నీళ్ల రిపోర్టుల్లో ఉన్నట్టే రెండు గీతలున్నాయి: పరీక్షించినవారు, సరిచూసినవారు. మొదటి గీత మీద ఆమె సంతకం. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా!

"నిన్ను నువ్వే పరీక్షించేసుకున్నావా?" అన్నాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఆయన తెల్లకాగితం తీసుకుని సొంత చేత్తో రాయడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. "ఈసారి నేను రాశాను. నువ్వు సరిచూడు," అని ముందుకు తోశాడు.

ఆమె తేల్చిన అంకెని రెండోసారి చూడాల్సిన అవసరం ఎన్నడూ రాలేదని రాశాడు. ఈ ముక్క ఒక్కసారి నోటితో అంటే ఏం పోయేదో అని కోపమూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. చివరి వాక్యం: "చదువయ్యాక తిరిగి మా దగ్గరే చేరుతుంది."

చూసీ చూడనట్టు ఊరుకుంటే పని అయిపోతుంది. కానీ ఆమె తిరిగి రాదు. లేనిదాన్ని ఉందని రాయకూడదని నేర్పింది ఈయనే.

ఆ వాక్యం మీద ఒకే గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. అక్కడి పద్ధతి అది. కొట్టివేత పక్కన ఇద్దరి సంతకాలూ లేకపోతే కాగితం చెల్లదు.

"రావా?"

"రాను సార్."

పెద్దాయన "మరి ఇక్కడ..." అని మొదలుపెట్టి ఆపేశాడు. తర్వాత కలం అందుకుని, ఆమె సంతకం పక్కనే తనదీ పెట్టాడు.